చదివి వినిపించడమైనది

గుంటూరు కలెక్టరాఫీసు ప్రహరీ పక్కన
రెండడుగుల బల్ల, గొడుగు, కార్బన్ కాగితాల పాత డబ్బా.
ముప్పయ్యొక్క ఏళ్లుగా ఇదే నా ఆఫీసు.
సోమవారం అర్జీల రోజు.
రోడ్డు మీద మిర్చి లారీ పోతే
అర్జీదారులూ, పోలీసులూ, నేనూ
ఒకేసారి తుమ్ముతాం.

మా అమ్మాయి జెస్సీ ఫోన్లో పెట్టిచ్చింది దాన్ని.
"నాన్నా, విషయం చెప్పు చాలు, రాసేస్తుంది."
రాసేసింది.
నేను పెన్ను మూత తీసేలోపు రాసేసింది.
నా అక్షరం కంటే కుదురు, నా కంటే మర్యాద,
"మహారాజశ్రీ" దగ్గర్నుంచి "చిత్తగించవలెను" దాకా
ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.
నాకు కొంచెం కడుపు మండింది. అబద్ధమెందుకు.

మొదటి వారం అరవై అర్జీలు.
బ్యాంకు నుంచి ఇంగ్లీషులో వచ్చిన నోటీసుని
ఒక కౌలు రైతుకి
అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.
ఆయన మొహంలోంచి భయం దిగడం చూశాను.
దణ్ణం పెట్టినంత పని చేశాను దానికి.

రెండో వారం
నల్లపాడు బొంతు సుబ్బరాయుడి అర్జీ తిరిగొచ్చింది.
అందులో ఒక జీవో నంబరు ఉంది, తేదీతో సహా.
సెక్షన్ గుమాస్తా బీరువా అంతా వెతికి
"ఇది ఏ రాజ్యం జీవో అండీ?" అన్నాడు నవ్వుతూ.
పుట్టని బిడ్డకి బారసాల చేసి
జాతకం కూడా రాసిందది.
నేను చూడలేదు.
నంబరు కనపడితే నమ్మే రోగం నాకు ముందునించే ఉంది.
సుబ్బరాయుడికి ఒక రోజు కూలి పోయింది,
బస్సు ఛార్జీ పోయింది.
ఫోనుకేం పోయింది?
అడిగితే క్షమించమంది, ఎంతో వినయంగా,
ఆ వెంటనే ఇంకో నంబరు ఇచ్చింది.

అప్పట్నించి
తెలివైన కుర్ర గుమాస్తాని పెట్టుకున్నట్టే ఉంటున్నాను దాంతో.
పని చెబుతాను, బీరువా తాళం ఇవ్వను.
దస్తావేజు అడుగున మా గురువు రాయించిన పాత మాట
మళ్లీ పట్టుకున్నాను:
"చదివి వినిపించగా, విని, సరియని ఒప్పుకుని."

నిన్న ఖాసింబీ వచ్చింది, పేరేచర్ల క్వారీలో పని.
భర్త పోయాడు. పింఛను కావాలి.
ఆధార్ నంబరు చెప్పబోతే ఆగమన్నాను.
"అది దీనికి చెప్పేది కాదమ్మా, కాగితానికి చెప్పేది."
ఖాళీ వదిలి, తర్వాత నా చేత్తో నింపాను.

చదివాను.
"నా ప్రాణసమానుడైన భర్త మరణంతో
కన్నీటి సముద్రంలో మునిగి…"
ఆమె చెయ్యెత్తింది.
"అది తీసెయ్యయ్యా.
ఆయన పోయిన రాత్రి
ఇరవై రెండేళ్లకి మొదటిసారి
తలుపు గడియేసుకుని నిద్రపోయాను."

గొడుగు కింద కాసేపు ఎవరం మాట్లాడలేదు.

భర్త పోయిన లక్షమంది ఆడవాళ్ల ఏడుపు
చదివి ఉంటుంది ఆ యంత్రం.
సగటు తీసి ఈమె కళ్లకి అద్దింది.
తప్పు దానిదని కూడా అనలేను,
"భర్త పోయాడు" అని మాత్రమే చెప్పింది నేను.
మిగతాది నేనూ అడగలేదు.

కొట్టేశాను. రెండు ముక్కలు మిగిలాయి:
నా భర్త మరణించాడు. నాకు వేరే ఆదాయం లేదు.
మళ్లీ చదివాను.
"ఆఁ, ఇప్పుడిది నాది," అంది.
కంకర కొట్టి గీతలరిగిన బొటనవేలు
రెండుసార్లు నొక్కితేగాని పడలేదు.

అర్జీ అడుగున నేనెప్పుడూ ఒక వరుస ఉంచుతాను,
"వ్రాసినవారు" అని.
అక్కడ ఫోను పేరు రాయకూడదా అన్నాడు
పక్క బల్ల రంగారావు, ఎకసెక్కంగా.
రేపు కాగితం తిరిగొస్తే
గేటు దగ్గర నిలబెట్టి పట్టుకోడానికి
దానికి చొక్కా లేదు కదా రంగారావూ!
నాకుంది. కాలరు చిరిగింది, అయినా ఉంది.

వ్రాసినవారు: గోవాడ ఇమ్మానుయేలు.

తర్వాతెవరయ్యా, రండి.